కొండ మీద ఖాళీ అయిన గదులు

చిన్నప్పుడు గుప్పెడంత ఉండేదని ఇంట్లో అందరూ ఆమెను పిచ్చుక అనేవారు. నలభై దాటి, జుట్టుకు రంగేసుకునే వయసు వచ్చినా ఆ పేరు వదల్లేదు. కళ్ళజోళ్ళ దుకాణంలో ఆమెకు ఉద్యోగం. వచ్చినవాళ్ళ ముక్కు మీద ఫ్రేము సరిగ్గా కూర్చునేలా చిన్న పట్టకారుతో వంచి సరిచేస్తుంది. అద్దంలో చూసుకుని "బాగుందంటారా?" అని అడిగిన ఎంత బెంగ మనిషికైనా, ముఖంలో గీత కదలకుండా "మీ కోసమే చేసినట్టుందండీ" అనగలదు. ఆ నేర్పు ఉండబట్టే ఆ పని ఆమె నెత్తిన పడింది.

ఆ పని ఏమిటంటే, బావకు ఫోన్ చేసి కొండల ప్రయాణం మానుకున్నామని అబద్ధం చెప్పడం.

బావ అంటే అక్క భర్త. అక్క పోయి మూడేళ్ళయింది. ఆయన డ్రైవింగ్ స్కూల్లో మాస్టారు. సగం ఊరికి స్టీరింగ్ పట్టుకోవడం ఆయనే నేర్పాడు. అక్క ఉన్న రోజుల్లో ఎక్కడికి వెళ్ళినా ఆయన కారే, ఆయన ఏర్పాట్లే. ఈసారి కూడా శనాదివారాలు ఎక్కడికైనా చల్లగా ఉన్న చోటికి వెళ్దామని అన్నయ్య అనగానే, పిలవాలా వద్దా అని ఎవరూ ఆలోచించకుండానే ఆయన వచ్చి కూర్చున్నాడు.

పిచ్చుక ఇంటి ముందుగదిలో చర్చ జరిగింది. కొండల మీద మూడు ఊళ్ళున్నాయి. చెరువున్న ఊరికి వెళ్దామని వదిన. తీగల మీద వేలాడుతూ నడిచే రోప్‌వే పెట్టె ఎక్కాలని పిచ్చుక భర్త. ఆయన అచ్చాఫీసులో పుస్తకాలు కుట్టే మనిషి, ఎత్తంటే సరదా. ఎక్కడైనా సరే గది బాగుండాలని అన్నయ్య. ఆయనకు టైల్స్ షాపు ఉంది, ఏ హోటల్‌కి వెళ్ళినా ముందు బాత్‌రూమ్ నేల చూసి గాని సంచి కింద పెట్టడు.

"చెరువు దగ్గర ఏముందమ్మా, జనం తప్ప?" అన్నాడు బావ. "పడవెక్కడానికి అరపూట లైన్లో నిలబడాలి. అన్నిటికన్నా పై ఊరు చూడండి. అక్కడ నా దగ్గర బండి నేర్చుకున్న అమ్మాయి ఇల్లుంది. రెండు గదులు అద్దెకిస్తుంది. నేనూ మీ అక్కా ఉన్నాం అక్కడ. పొద్దున్న తలుపు తీస్తే మబ్బు ఇంట్లోకి వస్తుంది. మీ అక్క దాన్ని చీపురుతో తోసేది."

నవ్వాలో ఊరుకోవాలో ఎవరికీ తెలియలేదు. బావ అక్కడే ఫోన్ తీసి, పక్కింటివాళ్ళక్కూడా వినపడేలా ఆ అమ్మాయితో మాట్లాడి, రెండు గదులూ తమకే ఉంచమని చెప్పేశాడు.

అన్నయ్య ఆయన్ని ఇంటి దగ్గర దింపి వచ్చాడు. వచ్చీ రావడంతోనే కారు తాళాలు బల్ల మీద విసిరాడు.

"బ్రేకు నా కాలి కింద ఉందా, ఆయన కాలి కింద ఉందా? మలుపు రాకముందే ఆయన కాలు నేలని తొక్కేస్తోంది. 'గేరు, గేరు, అద్దం చూడవోయ్' అని ఒకటే పాట. ఇరవై ఏళ్ళుగా నడుపుతున్నా! కొండ రోడ్డు మీద కూడా ఇదే అయితే, దారిలోనే కారాపి దిగిపోతాను, చెప్పేస్తున్నా."

"దానికేముంది, నవ్వుకోవచ్చు," అంది వదిన. "నా వల్ల కానిది ఆ రెండోది. నోరు విప్పితే 'మీ అక్క' అంటారు. పోయినసారి హోటల్లో సూపు ముందు పెట్టుకుని ఏడ్చేశారు. పక్క టేబుల్ వాళ్ళు తిండి మానేసి మనల్నే చూశారు. ఏడాదికోసారి వెళ్ళేది, అప్పుడు కూడా అదేనా?"

నిజానికి పిచ్చుకకు ఆ క్షణంలో గుండెల మీది బరువు దిగినట్టయింది. ఆ మాట ఎవరో ఒకరు అన్నారు, తను అనాల్సిన అవసరం రాలేదు. అక్క గురించి ఆయన చెప్పడం మొదలెట్టగానే ఆమెకు ఊపిరాడేది కాదు. పని ఉన్నట్టు లేచి వంటింట్లోకి వెళ్ళిపోయేది. ఆ సంగతి ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పలేదు.

"పోనీ, మానుకున్నామని చెప్పేద్దాం," అన్నాడు అన్నయ్య. "తర్వాత మనం నలుగురం..."

ముగ్గురూ పిచ్చుక వైపు చూశారు.

"నువ్వైతే నమ్ముతారు," అంది వదిన. "నువ్వంటే ఆయనకి ప్రాణం."

మర్నాడు దుకాణంలో గిరాకీ లేని వేళ చూసి ఫోన్ చేసింది. "బావా, ఈయనకి నడుం పట్టేసింది. మంచం దిగలేకపోతున్నారు. ఇక ఈ వారం ప్రయాణం కుదరదు" అంది. గొంతు తొణకలేదు. ఫోన్ పెట్టేశాక, కౌంటర్ మీది అద్దంలో తన ముఖం చూసుకుని, ఎవరో కొత్త మనిషిని చూసినట్టు చూపు తిప్పేసుకుంది.

అంతటితో అయిపోతే బాగుండేది. సాయంత్రం ఆమె ఇల్లు చేరేసరికి బావ గుమ్మంలో ఉన్నాడు. ఒక చేతిలో వేడినీళ్ళ సంచి, ఇంకో చేతిలో ఘాటైన మందు సీసా.

"తమ్ముడేడీ? ఈ నొప్పి సంగతి నాకు తెలుసు. రోజంతా సీట్లో కూర్చునేవాణ్ణి, నాకు రానిదా!"

పిచ్చుక భర్త అప్పుడే స్టూలెక్కి బల్బు మారుస్తున్నాడు. మాట వినపడగానే ఒక్క దూకు దూకి మంచం మీద పడ్డాడు. బావ ఆయన్ని బోర్లా తిప్పి, చొక్కా పైకి లాగి, ఆ వెడల్పాటి అరచేతులతో నడుం రుద్దడం మొదలెట్టాడు. భర్త దిండులో ముఖం పెట్టుకుని మూలిగాడు. అందులో నటన ఎంతో, సిగ్గు ఎంతో ఆయనకే తెలియాలి. పిచ్చుక గుమ్మానికి ఆనుకుని నిలబడిపోయింది. మందు ఘాటుకు కళ్ళు మండుతున్నాయని చెప్పుకోవడానికి వీలుగా ఉంది.

"మీ అక్కకి ఆఖర్లో రోజూ ఇలాగే రుద్దేవాణ్ణి," అన్నాడాయన, చేతులాపకుండా. "గట్టిగా రుద్దితే తిట్టేది, మెల్లిగా రుద్దితే నిద్రపోతున్నారా అనేది." తర్వాత చేతులు తుడుచుకుంటూ, "గదులు వద్దని చెప్పేశానులే. ఆ అమ్మాయి ఏమీ అనుకోలేదు. ఇంకోసారి వెళ్దాం. కొండలెక్కడికి పోతాయి?" అన్నాడు.

ఆయన మెట్లు దిగి వెళ్ళాక భర్త లేచి కూర్చున్నాడు.

"ఇక చాలు. ఆయన్ని కూడా తీసుకెళ్దాం. లేకపోతే అసలు వెళ్ళొద్దు."

"ఇప్పుడెలా? నడుం తెల్లారేసరికి తగ్గిందని చెప్పాలా?" అంది పిచ్చుక. ఆయన మాటలో న్యాయం ఉందని ఆమెకు తెలుసు. తెలిసే కసిరింది.

ఇక అసలు తమాషా. ఆ శనాదివారాలకు మూడు ఊళ్ళలోనూ గది దొరకలేదు. వదిన ఫోన్ మీద ఫోన్ చేసి అలిసిపోయింది. చివరికి ఒక్కచోట మాత్రం రెండు గదులు ఖాళీగా కనిపించాయి, పై ఊళ్ళో, ఆ అమ్మాయి ఇంట్లో. బావ వద్దన్నాడు కాబట్టి ఖాళీ అయిన గదులు.

"అక్కడికా?" అంది పిచ్చుక.

"ఆవిడ మనల్ని ఎప్పుడైనా చూసిందా ఏంటి? మా పుట్టింటి ఇంటిపేరుతో తీసుకున్నాను," అంది వదిన. "అయినా అవి మన గదులే కదా!"

ఆ మాటకు అన్నయ్య నవ్వాడు. పిచ్చుక కూడా నవ్వింది. ఆ నవ్వు తర్వాత చాలాకాలం ఆమెను పీడించింది.

శనివారం పొద్దున్నే బయల్దేరారు. దారి పొడుగునా కారులో ఎంత సుఖంగా ఉందో అందరూ పదేపదే చెప్పుకున్నారు. కాళ్ళు చాపుకోవచ్చన్నారు. పాటలు పెట్టుకోవచ్చన్నారు. మలుపులు ఎక్కుతున్నకొద్దీ చలి పెరిగింది, చెట్లు నల్లబడ్డాయి, రోడ్డు పక్క ఊరు బొమ్మలా కిందకి పోయింది. ఎదురుగా లారీ వచ్చినప్పుడు అన్నయ్య కొంచెం ఆలస్యంగా పక్కకు తీశాడు. కారులో ఎవరూ ఏమీ అనలేదు. అనేవాళ్ళు లేని సంగతి నలుగురికీ ఒక్కసారే తగిలింది. వదిన పాట సౌండ్ పెంచింది.

ఆ ఇల్లు రాతి గోడల ఇల్లు, వాలు కప్పు, గుమ్మం పక్కన పేర్చిన కట్టెలు. తలుపు తీసిన ఆవిడకు ముప్పై అయిదేళ్ళుంటాయి. చేతులకు పిండి అంటుకుని ఉంది. నవ్వుతూ అందరినీ లోపలికి పిలిచి, పిచ్చుక దగ్గరికొచ్చేసరికి ఆగిపోయింది.

"ఏమీ అనుకోకండి... మీరు మా మాస్టారి భార్యకి ఏమవుతారు? అదే ముక్కు, అదే గడ్డం!"

పిచ్చుక భర్త వైపు చూసింది. "చెల్లెలు" అని భర్తే అన్నాడు.

"అయ్యో, మీరేనా! రావడం లేదన్నారే మాస్టారు. ఎవరికో నడుం బాగాలేదని ఎంత బాధపడ్డారో! తగ్గిందా అండీ మీకు?" అని భర్తనే అడిగింది. రెండు బరువైన సంచులు చెరో చేతిలో పట్టుకుని నిలబడ్డ మనిషిని. ఆయన మెల్లిగా ఒక సంచి కింద పెట్టాడు. "ఆ... పర్వాలేదండీ" అన్నాడు.

"మరి మాస్టారేరి? వెనక వస్తున్నారా? ఉండండి, ఫోన్ చేస్తాను."

"ఎందుకండీ, మేం చేస్తాం..." అని వదిన అంటూనే ఉంది. ఆవిడ అప్పటికే పిండి చేతివేలితో నంబరు నొక్కేసింది. "మాస్టారూ! మీవాళ్ళు వచ్చేశారు! ఆ, నలుగురూ. ఇదిగో, మీ మరదలితో మాట్లాడండి" అని ఫోన్ తెచ్చి పిచ్చుక చేతిలో పెట్టింది.

అటువైపు వెనక ఎక్కడో కారు హారన్ మోగింది. ఎవరికో పాఠం చెబుతున్నట్టున్నాడు. పిచ్చుకకు చెవులు కాలిపోతున్నాయి. అన్నయ్య నేల టైల్స్ వైపు చూస్తున్నాడు.

"ఏమే పిచ్చుకా," అన్నాడు బావ, ఆ గదిలో అందరికీ వినపడేంత గట్టిగా. "తమ్ముడి నడుం తగ్గిందన్నమాట! మంచి మాట చెప్పావు. నాకే సెలవు దొరకలేదు, చూశావా, లేకపోతే వచ్చేవాణ్ణి. చలి ఎక్కువ, చెవులు కప్పుకో." ఫోన్ పెట్టేశాడు.

ఆ రెండు రోజులూ కొండలు ఎంత అందంగా ఉండాలో అంత అందంగానూ ఉన్నాయి. మబ్బు నిజంగానే ఇంట్లోకి వచ్చింది. పిచ్చుక తలుపు దగ్గర నిలబడి దాన్ని చూసి, తలుపు మూసేసింది. ఇంటావిడ మాస్టారి చుట్టాలని ప్రత్యేకంగా చూసుకుంది. వేడిగా రొట్టె కాల్చి పెట్టింది, పొయ్యిలో కట్టెలు ఆరనివ్వలేదు. ఆవిడ మర్యాద చేసినకొద్దీ వీళ్ళు ముడుచుకుపోయారు. వదిన ఆ ఇల్లు తీసుకున్నందుకు తనను తాను తిట్టుకోవడం చేతకాక అన్నయ్యను తిట్టింది. అన్నయ్య "మొదట నోరెత్తింది ఎవరు?" అన్నాడు. ఎవరు మొదటివాళ్ళన్న లెక్క తేలక, ఆదివారం భోజనం దాకా కూడా ఆగకుండా కొండ దిగేశారు.

సోమవారం పని అవ్వగానే పిచ్చుక డ్రైవింగ్ స్కూలుకు వెళ్ళింది. ఒక చిన్న గది, గోడనిండా రోడ్డు గుర్తుల బొమ్మలు, వెనక ఖాళీ స్థలం. బావ ఒక్కడే ఉన్నాడు. కారు సీటు కవరు దులుపుతున్నాడు. దారంతా నిజం చెప్పేయాలనే అనుకుంటూ వచ్చింది. తీరా ఆయన ముఖం చూశాక ఆమె నోట్లోంచి వచ్చింది వేరు.

"బావా, అనుకోకుండా శుక్రవారానికి ఆయనకి తగ్గిపోయింది. మీకు ఫోన్ చేశాను, కలవలేదు. ఇంతలో అన్నయ్య తొందర..."

దుకాణంలో ముక్కుకు సరిపోని ఫ్రేమును మెచ్చుకున్నంత సాఫీగా వచ్చింది. ఆయన దులపడం ఆపి చివరిదాకా విన్నాడు.

"అంతేనా?" అన్నాడు.

"అంతే బావా."

"సరే. టీ తాగుతావా?"

ఆ 'సరే' ఆమెను నిలువునా కోసేసింది. ఆయన తిట్టినా, తలుపు వేసేసినా ఇంత బాధ ఉండేది కాదు. అక్కడున్న ప్లాస్టిక్ కుర్చీలో కూలబడి ఏడ్చేసింది.

"అబద్ధం బావా. నడుమూ లేదు, గిడుమూ లేదు. మిమ్మల్ని వదిలేసి వెళ్ళాలనే చెప్పాం. ఇప్పుడు చెప్పింది కూడా అబద్ధమే."

"ఎవరికొచ్చింది ఆ ఆలోచన?"

వదిన పేరు నాలుక చివరిదాకా వచ్చింది. మింగేసింది. "అందరికీ. చెప్పింది నేను."

"ఎందుకు?"

ఆ ప్రశ్నకు తప్పించుకోవడానికి దారి లేకపోయింది. "మీరు కారెక్కితే అన్నయ్యకి కాలూ చెయ్యీ ఆడదు. అది పర్వాలేదు. మీరు అక్క గురించి మాట్లాడుతుంటే మేం... నేను వినలేను. లేచి పారిపోవాలనిపిస్తుంది. వంటింట్లోకి వెళ్ళి కుళాయి విప్పి నిలబడతాను, మీ గొంతు వినపడకుండా."

ఆయన ముఖం పాలిపోయింది. సీటు కవరును మడతపెట్టాడు, విప్పాడు, మళ్ళీ మడతపెట్టాడు.

"మీ ఇంట్లో కాకపోతే ఇంకెక్కడ మాట్లాడను పిచ్చుకా?" అన్నాడు చివరికి. "నేర్చుకోవడానికి వచ్చేవాళ్ళతో చెప్పుకోనా? నాకంటే ముందు ఆవిడ మీకు తెలుసు. మీకు వినడానికి ఇష్టమనుకున్నాను. నేను ఆపేస్తే మీరు నొచ్చుకుంటారనుకున్నాను. ఒక్క మాట, బావా ఇక చాలు అని ఒక్క మాట అనుంటే మానేసేవాణ్ణి కదా. పిల్లాణ్ణి తప్పించినట్టు తప్పిస్తారా నన్ను?"

ఆమె క్షమించమంది. ఆయన తల ఊపాడు గాని, క్షమించానని అనలేదు. "ఇవాళ్టికి వెళ్ళు," అన్నాడు.

ఆ తర్వాత చాలా వారాలు ఆయన వీళ్ళ గడప తొక్కలేదు. అన్నయ్య ఫోన్ చేస్తే పొడిగా మాట్లాడి పెట్టేశాడట. పిచ్చుక మాత్రం వారానికోసారి స్కూలుకు వెళ్ళేది. కొన్నిసార్లు ఆయన పాఠంలో ఉండేవాడు, చేయి ఊపేవాడు. కొన్నిసార్లు ఇద్దరూ టీ తాగేవాళ్ళు. అక్క మాట ఆయన ఎత్తేవాడు కాదు. ఎత్తడని తెలిసి ఆమె ఎదురుచూసేది. ఇన్నాళ్ళూ పారిపోయిన మాటలకోసం ఇప్పుడు చెవులు రిక్కించి కూర్చోవడం ఆమెకు కొత్త శిక్షలా ఉండేది.

ఒకరోజు ఆయనే అన్నాడు. "వచ్చే శనివారం పైకి వెళ్తున్నాను. నా కారే, నేనే నడుపుతాను. వస్తే నువ్వూ తమ్ముడూ రండి. కానీ ముందే చెప్తున్నా, నేను మాట్లాడతాను."

"మాట్లాడండి బావా," అంది.

దారి పొడుగునా మాట్లాడాడు. అక్కకు కొండ రోడ్ల మీద వాంతులయ్యేవనీ, అయినా ముందు సీటు వదిలేది కాదనీ చెప్పాడు. పెళ్ళయిన కొత్తలో తనకు ఆవిడే రివర్స్ నేర్పిందనీ, అది ఇన్నేళ్ళూ ఎవరికీ చెప్పలేదనీ అన్నాడు. పిచ్చుకకు అందులో చాలా సంగతులు కొత్తవి. మధ్యమధ్య ఆమె అడిగింది కూడా. ఇల్లు దగ్గర పడుతున్నకొద్దీ ఆమెకు, ఏదో ఒక రకంగా తను బయటపడ్డట్టు, ఒడ్డున పడ్డట్టు అనిపించింది.

ఇంటావిడ గుమ్మంలోకి ఎదురొచ్చింది. "రండి మాస్టారూ! పోయినసారి మీవాళ్ళొచ్చారు గానీ మీరు లేక ఇల్లు బోసిపోయింది. సెలవు ఇవ్వకపోవడమేంటండీ మీకు?"

"ఏం చెప్పమంటావమ్మా, లైసెన్సు పరీక్షల రద్దీ," అన్నాడు బావ తడుముకోకుండా. "వీళ్ళు ఎంతో బతిమాలారు రమ్మని. నేనే వద్దన్నాను."

పిచ్చుక ఆయన వైపు చూసింది. తన కోసం ఈయన ఈ వయసులో అబద్ధమాడాల్సి వస్తోంది. ఇక ఒక్క అబద్ధం కూడా తన పేరున ఉండకూడదనుకుంది.

"కాదండీ," అంది, అందరూ వింటుండగా. "బావని మేమే తీసుకురాలేదు. ప్రయాణం మానుకున్నామని చెప్పి, ఆయనకి తెలియకుండా వచ్చాం. ఆయన తప్పేమీ లేదు."

చెప్పాక ఆమెకు తేలికగా అనిపించింది, ఒక్క క్షణం. ఇంటావిడ ముఖం ఎర్రబడింది. బావ వైపు చూసి, వెంటనే చూపు దించుకుని, "నీళ్ళు కాగాయి, చూసొస్తాను" అని లోపలికి వెళ్ళిపోయింది. భర్త కారులోంచి ఏదో తీసేవాడిలా వెనక్కి నడిచాడు.

బావ కట్టెల పక్కన నిలబడిపోయాడు. ఆయన చెవులు కందిపోయి ఉన్నాయి. ఫోన్లో మాట్లాడిన రోజు కనిపించని ఆయన ముఖం ఇలాగే ఉండి ఉంటుందని పిచ్చుకకు తోచింది.

"నిన్ను కాపాడటానికి అన్నాననుకున్నావా?" అన్నాడు, గొంతు బాగా తగ్గించి. అంత మెల్లిగా ఆయన మాట్లాడగా ఆమె ఎప్పుడూ వినలేదు. "నా సొంతవాళ్ళే నన్ను వద్దనుకున్నారని ఆ అమ్మాయికి తెలియకూడదనుకున్నానే. ఇక్కడికొస్తే నేను మాస్టార్ని. ఇంతమందిలో ఈ ఒక్క గుమ్మంలో నాకు ఆ మర్యాద ఉంది."

పిచ్చుక నిజం చెప్పి కడుక్కున్నది తన చేతులే. ఆ మురికి నీళ్ళు వెళ్ళి పడింది ఆయన మీద. దానికి క్షమించమని అడగడానికి కూడా ముఖం చెల్లలేదు. అలా అడిగితే ఆయన మళ్ళీ ఆమె బాధనే చూసుకోవాల్సి వస్తుంది.

లోపల గిన్నెల చప్పుడు వినిపించింది. కాసేపటికి ఆయన చొక్కా సర్దుకుని, గొంతు సవరించుకుని, "అమ్మాయ్! నీ కారు క్లచ్చు ఇంకా అరుస్తోందా, మార్చావా?" అని ఎప్పటి గొంతుతోనే కేకేస్తూ వంటింటి వైపు నడిచాడు. పిచ్చుక బయటే ఉండిపోయింది. ఆవిడ ఏం జవాబిస్తుందో, ఆ గొంతులో జాలి ఉంటుందో లేదో వినడానికి భయపడుతూ, వినకుండా ఉండలేక.